గాలి చొరని గుడిసె

నజార్ మఠానికి వచ్చి రెండేళ్ళ తొమ్మిది నెలలైంది. అతనితో పాటు వచ్చినవాళ్ళంతా నల్లంగీలు తొడుక్కుని తిరుగుతున్నారు. అతను మాత్రం వచ్చిన రోజు వేసుకున్న గొర్రెతోలు కోటులోనే ఇంకా ఉన్నాడు.

ఆ మఠం ఉత్తరదేశంలో ఒక పెద్ద సరస్సు ఒడ్డున ఉండేది. ఏడాదిలో ఐదు నెలలు ఆ సరస్సు గడ్డకట్టి, పైన గుర్రపుబండి తోలుకుపోయేంత గట్టిగా ఉండేది. అక్కడి సన్యాసులకి ఒక నియమం ఉంది. నల్లంగీ తొడుక్కునే ముందు శిష్యుడు గురువు దగ్గర కూర్చుని, తాను వెనక వదిలివచ్చిందంతా విప్పి చెప్పాలి. మూడేళ్ళు నిండేలోపు చెప్పనివాణ్ణి కడుపునిండా అన్నం పెట్టి, చేతిలో రొట్టె మూట పెట్టి, ఇంటికి పంపేసేవారు. ఆ పంపడంలో కోపమేమీ ఉండదు, కానీ వెళ్ళినవాడు మళ్ళీ రావడమూ ఉండదు.

నజార్ గురువు పేరు వర్లాం. డెబ్భై దాటిన మనిషి. మాట తక్కువ, మోకాళ్ళ నొప్పులు ఎక్కువ. ఆయన నజార్‌ని మూడుసార్లు కూర్చోబెట్టి అడిగాడు. మూడుసార్లూ నజార్ నేల చూస్తూ ఒక్కటే మాట అన్నాడు.

"చెప్పడానికి ఏమీ లేదయ్యా."

"సరే" అని గురువు లేచి, ఏదో పని పురమాయించి వెళ్ళిపోయేవాడు.

శనివారాలు ఆ మఠంలో చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు. ఎవరి వాళ్ళ పేర్లు వాళ్ళు కాగితం మీద రాసి ఇవ్వాలి. నజార్ కాగితంలో తండ్రి పేరు, తాత పేరు, అంతే. రెండేళ్ళ తొమ్మిది నెలలుగా ఆ రెండు పేర్లే. రాసి ఇచ్చేటప్పుడు మాత్రం అతని బొటనవేలు కాగితం కింద అంచు మీద, రెండో పేరు తర్వాత ఖాళీగా మిగిలిన చోట కాసేపు ఆగేది. అది గురువు ఎప్పుడైనా గమనించాడో లేదో మనకి తెలియదు.

ఆ ఏడు చలి ముందే వచ్చింది. మఠం ఆనుకుని రోగుల ఇల్లొకటి ఉంది. దిక్కులేనివాళ్ళు, దారిలో పడిపోయిన యాత్రికులు పదకొండుమంది అందులో ఉన్నారు. వాళ్ళకి బలం రావాలంటే చేప కావాలి. మంచులో కన్నం తవ్వి, గాలం వేసి, పక్కన గుడిసెలో కూర్చుంటే చేప పడుతుంది. కానీ మఠం వారి పాత గుడిసె పోయిన వసంతంలో మంచు విరిగినప్పుడు దానితో పాటే కొట్టుకుపోయింది. గుడిసె లేకుండా బయట కూర్చుంటే గాలం పట్టుకున్న వేళ్ళు గాలంతోనే ఉండిపోతాయి.

వర్లాం నజార్‌ని పిలిచి గుడిసె కట్టమన్నాడు. కొత్త కలప ఒక్క ముక్క కూడా ముట్టుకోవద్దన్నాడు. సరస్సు ఒడ్డుకి కొట్టుకొచ్చిందీ, జనం పారేసిందీ ఏది దొరికితే దానితోనే కట్టాలి.

నజార్ ముఖం వెలిగింది. చెప్పడం అతనికి చేతకాదు గానీ చెయ్యడం బాగా వచ్చు. అతనిది పడవల పని చేసే కుటుంబం. తాతల నాటినుంచి పడవ పలకల మధ్య సందుల్లో జనపనార పీచు కూరి, పైన మరిగే తారు పోసి, నీటిబొట్టు చొరకుండా చెయ్యడం వాళ్ళ పని. నజార్‌కి పొగరు లేదని మఠంలో అందరూ అనుకునేవారు. ఉండేది, కాకపోతే నోట్లో కాకుండా వేళ్ళలో ఉండేది.

వారం రోజులు అతను చేతిబండి ఒకటి లాక్కుంటూ ఒడ్డంతా గాలించాడు. విరిగిపోయి పడున్న, మంచు మీద జారే స్లెడ్జి బండి కింది పట్టాలు దొరికాయి. కాలిపోయిన చిన్న ప్రార్థనాలయం తలుపు దొరికింది, చేతిమందాన గట్టి ఓక్ చెక్క. చేపల పీపాల పలకలు, వంగిన రేకులు, ఎవరో వదిలేసిన తెరచాప గుడ్డ, పాత బూట్ల ఉన్ని పట్టీలు దొరికాయి. పొగగొట్టం ఒక్కటే ఎక్కడా దొరకలేదు. సరేలే, పొయ్యి బదులు బొగ్గుల కుంపటి పెట్టుకోవచ్చు అనుకున్నాడు.

ఎనిమిదో రోజున, ఉత్తరపు మలుపులో, రెల్లు మధ్య మంచులో ఇరుక్కున్న పడవ ముక్కలు కనిపించాయి. ముందుభాగం పలకలు నాలుగు, ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. గొడ్డలి మొద్దు వైపుతో మంచు కొట్టి పైకి లాగాడు. కింది పలక చివర కాల్చి వేసిన గుర్తు ఉంది. మూడు గీతలు, పక్కన ఒక చుక్క.

నజార్ మంచు మీద కూలబడిపోయాడు. ఆ గుర్తు వేసింది అతనే.

ఆ పడవ అతని తమ్ముడు ఫోమాది. సంగతి చెప్పడానికి రెండు మాటలు చాలు. అందుకేనేమో నజార్ ఇన్నాళ్ళూ ఒక్క మాటా చెప్పలేకపోయాడు. నాలుగేళ్ళ కిందట శరదృతువులో, సరస్సు దక్షిణపు ఒడ్డున, నజార్ తమ్ముడి పడవకి తారు పోస్తున్నాడు. ముందుభాగంలో మూరెడు సందు మిగిలి ఉండగా తారు చల్లారి గట్టిపడింది. మళ్ళీ నిప్పు రాజెయ్యాలి, మళ్ళీ మరగబెట్టాలి. చీకటి పడుతోంది, ఆకలేస్తోంది. ఇంతలో ఫోమా వచ్చి, అన్నా అయిందా అని అడిగాడు. నజార్ అయిందన్నాడు. మర్నాడు పొద్దున అతను నిద్రలేచేసరికే ఫోమా పడవ వేసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి గాలి లేచింది. పడవ రాలేదు, ఫోమా రాలేదు. తల్లి కొడుకు ముఖంలోకి చూసి, సందులన్నీ నువ్వే కదా పూశావని అడిగింది. నజార్ అన్నీ పూశానన్నాడు. ఆమె నమ్మింది. ఆ నమ్మిన ముఖాన్ని రోజూ చూడలేకనే ఏడాదిన్నర తర్వాత అతను మఠానికి వచ్చాడు. ఇప్పుడు మఠం పంపేస్తే వెళ్ళాల్సింది ఆ ముఖం ముందుకే.

పడవని అక్కడే వదిలేసి రావచ్చు. కానీ మంచి పలకలు వదిలేశావేమని గురువు అడిగితే ఏం చెప్పాలి? నాలుగింటినీ బండి మీద వేసుకొచ్చాడు. దారిలోనే ఆ గుర్తు మీద అరచేతి మందాన తారు మెత్తాడు.

గుడిసె పదిరోజుల్లో లేచింది. కింద స్లెడ్జి పట్టాలు, పైన రేకుల కప్పు, ముందు ఓక్ తలుపు. పడవ పలకలు వెనక గోడకి వెళ్ళాయి, నజార్‌కి కంటికి ఎదురుగా ఉండకుండా. ఇక అసలు పని మొదలైంది. పాత చెక్క అంటే నిండా చిల్లులే. మేకులు ఊడిన చిల్లులు, ముడులు రాలిన చిల్లులు, పురుగు తొలిచినవి. నజార్ ఒక్కో చిల్లుకీ కొలతగా కర్రతో చీల చెక్కి, పీచు చుట్టి, దిగ్గొట్టి, పైన తారు పెట్టాడు. రెండొందల పై చిలుకు చీలలు. తలుపు చుట్టూ ఉన్ని పట్టీ వేశాడు. చివర లోపల కూర్చుని తలుపు మూసుకుని, పట్టపగలు ఒక్క వెలుగు చుక్క కూడా కనిపించదని చూసుకున్నాక ఊపిరి పీల్చుకున్నాడు.

వంటశాల చూసుకునే సన్యాసి పఖోం బయటినుంచి ఒకసారి చుట్టూ తిరిగి చూశాడు. లావుగా, ఎప్పుడూ ఆవలిస్తూ ఉండే మనిషి. లోపల కుంపటి పెడతారు కాబట్టి ఎక్కడో ఓచోట గాలికి వదలమనీ, పోయినేడు పక్కూరి చేపలవాళ్ళిద్దరు మూసిన గుడిసెలో బొగ్గుల ఆవిరికి కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే పోయారనీ చెప్పాడు. నజార్ తల ఊపాడు. ఆ సంగతి అతనికి తెలియనిదేమీ కాదు. అప్పుడప్పుడూ తలుపు తీస్తే సరిపోతుంది కదా అనుకున్నాడు.

ఆ సాయంత్రం గురువు వచ్చాడు. నడుం వంచి లోపలికి దూరి, గోడలన్నీ చేత్తో తడిమాడు.

"గాలి కూడా చొరదయ్యా" అన్నాడు నజార్. మూడేళ్ళలో అతను గొప్పగా అన్న మాట అదొక్కటే.

వర్లాం బయటికి వచ్చి, చుట్టూ తిరిగి, వెనక గోడ దగ్గర ఆగాడు. అక్కడ కింది పలక అంచున మిగతాచోట్ల కంటే రెండింతలు తారు ఉంది. దాని పైన తల ఎత్తులో ఉన్న ఒక చీలని వేళ్ళతో పట్టుకుని, అటూ ఇటూ కదిపి, పీకేశాడు. చీల జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

నజార్‌కి ఒళ్ళు మండింది. పెద్దాయన కాబట్టి నోరు మెదపలేదు. మర్నాడు పొద్దున్నే కొత్త చీల చెక్కి ఆ చిల్లు పూడ్చాడు. సాయంత్రం గురువు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అదే చీల పీకాడు, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. మూడోరోజు నజార్ చీలని తారులో ముంచి మరీ కొట్టాడు. గురువు చాకు తెచ్చుకున్నాడు.

ఇద్దరూ దీని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు. భోజనాల దగ్గర ఒకరికొకరు ఉప్పు అందించుకున్నారు. ప్రార్థనలో పక్కపక్కనే నిలబడ్డారు. కానీ నజార్‌కి నిద్ర పట్టడం మానేసింది. కళ్ళు మూస్తే ఆ చిల్లు కనిపించేది. చిల్లంటే నీళ్ళు. చిన్నప్పటినుంచి అతని ఒంట్లోకి ఎక్కిన సంగతి అది. ఇది పడవ కాదు, కింద ఉన్నది నీళ్ళు కాదు మంచు అని తలకి తెలుసు, చేతికి తెలియదు.

శీతాకాలంలో వచ్చే పెద్ద పండగ ముందు రోజు గుడిసెని సరస్సు మీదికి లాగారు. ఒడ్డునుంచి అరకోసు లోపలికి, చేప తిరిగే లోతు మీదికి. పఖోం కూడా ఒక తాడు పట్టి, సగం దారిలో ఆవలించి, రోగుల ఇంట్లో అందరికీ పండగ పులుసు చేస్తానని మాట ఇచ్చేశాను, ఒట్టి చేతులతో రావద్దు అని చెప్పి వెనక్కి వెళ్ళిపోయాడు. ఉదయం తొమ్మిదైనా సూర్యుడు సరిగా రాలేదు. ఆకాశం బూడిదరంగులో కిందికి దిగి ఉంది. ఈశాన్యం నుంచి గాలి మొదలైంది.

నేల చెక్కల మధ్య వదిలిన చదరంలో నజార్ మంచుకి కన్నం తవ్వాడు. వర్లాం ఇసుక పళ్ళెంలో కుంపటి పెట్టి, నిప్పు రాజేసి, గాలం దారాన్ని పైనున్న చిన్న కంచుగంటకి కట్టాడు. చేప పట్టిందంటే గంట మోగుతుంది. ఆ సరస్సు మీద అందరిదీ అదే పద్ధతి. కూర్చోబోయే ముందు ఆయన వెనక గోడకి తిరిగి, చాకుతో చీల పీకి, జేబులో వేసుకున్నాడు. వేలు దూరేంత చిల్లులోంచి సన్నటి వెలుగు గీత వచ్చి కుంపటి మీద పడింది.

నజార్‌ని పదడుగుల అవతల ఇంకో రెండు కన్నాలు తవ్వమని చెప్పి, ఆయన తలుపు లాక్కున్నాడు.

నజార్ గునపం ఎత్తి మంచులో వేశాడు. గాలి ఎక్కువైంది. మంచుపొడి లేచి ముఖానికి కొడుతోంది. మొదటి కన్నం సగంలో ఉండగా ఎందుకో తల తిప్పి గుడిసె వైపు చూశాడు. వెనక గోడలోంచి, ఆ చిల్లులోంచి, ఆవిరి సన్నటి దారంలా బయటికి వస్తోంది.

చూపు తిప్పుకుని రెండు దెబ్బలు వేశాడు. మళ్ళీ చూశాడు. వస్తూనే ఉంది. ముసలాయన మెడ మీద సరిగ్గా అక్కడే గాలి కొడుతుంది అనుకున్నాడు. మంచుపొడి లోపలికి పోతుంది, నిప్పు మీద పడుతుంది అనుకున్నాడు. ఇవన్నీ అతను తనకి తాను చెప్పుకున్న సాకులు. అసలు కారణం ఏమిటంటే, ఆ పలక పక్కన తెరుచుకుని ఉన్న చిల్లు వైపు వీపు పెట్టి అతను నిలబడలేడు.

కోటు జేబులో ఎప్పుడూ నాలుగైదు చీలలు ఉంటాయి. ఒకటి తీశాడు. గుడిసె దగ్గరికి వెళ్ళి, చప్పుడు కాకుండా చిల్లులో పెట్టి, గొడ్డలి మొద్దు వైపుతో రెండు పోట్లు పొడిచాడు. డబ్బాలోంచి తారు ముద్ద తీసి, అరచేతి వేడికి మెత్తబరిచి, పైన అదిమాడు. వెనక్కి వచ్చి గునపం అందుకున్నాడు. ప్రాణం కుదుటపడింది. కాసేపట్లో తలుపు తీసి చూడాలి అని కూడా అనుకున్నాడు. తర్వాత పనిలో పడిపోయాడు.

మొదటి కన్నం నీళ్ళకి తగిలేసరికి గాలి కేకలు వేస్తోంది. రెండోది మొదలుపెట్టాడు. ఆ గాలిలో గుడిసె లోపలినుంచి టక్, టక్ అని రెండు చప్పుళ్ళు వినిపించాయి. గాలం కన్నం మీద పొర కట్టిన మంచుని పెద్దాయన పగలగొడుతున్నాడనుకున్నాడు.

తర్వాత గంట మోగింది.

నజార్ నవ్వుకున్నాడు. పండగ పులుసుకి చేప పడింది. గంట ఆగింది. మళ్ళీ మోగింది. లాగుతున్నట్టు లేదు. లాగితే గంట ఒక్కసారి గట్టిగా కొట్టుకుని ఆగిపోవాలి. ఇది కాసేపు మోగి, ఆగి, మళ్ళీ మోగుతోంది. చేప తన ఇష్టం వచ్చినట్టు ఈదుతోంది, దాన్ని పట్టుకునే చెయ్యి లేదు.

గునపం చేతిలోంచి జారిపోయింది.

"అయ్యా" అని పిలిచాడు. గంట మోగింది. "అయ్యా" అని గుడిసె వైపు పరిగెత్తాడు.

తలుపు పిడి పట్టి లాగాడు. రాలేదు. లోపలి ఆవిరంతా పోవడానికి దారిలేక తలుపు అంచుల్లో చేరి, ఉన్ని పట్టీలో ఇంకి, రాయిలా గడ్డకట్టింది. కాలు గోడకి తన్నిపెట్టి బలమంతా పెట్టి లాగాడు. పిడి ఊడి చేతిలోకి వచ్చింది. అతను వెల్లకిలా పడ్డాడు. లేచి గొడ్డలితో తలుపు మీద వేశాడు. ఓక్ చెక్క చెక్కుచెదరలేదు. తానే వెతికి ఏరి తెచ్చిన చెక్క, తానే బిగించిన బిగింపు. ఇంత బాగా కట్టినందుకు అతనికి ఏడుపొచ్చింది.

లోపల గంట మోగుతూనే ఉంది.

వెనక్కి పరిగెత్తాడు. ఏ గోడ లొంగుతుందో కట్టినవాడికి తెలుసు. ముందు ఎక్కడ విరుగుతుందో, నాలుగేళ్ళుగా ఏ మూరెడు చోటు బలహీనమో, ఇంకా బాగా తెలుసు. గొడ్డలి ఎత్తాడు. చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే ఆగింది, కానీ ఆ క్షణంలో ఫోమా పడవ ఎక్కుతున్నట్టు, తను ఒడ్డున నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. ఆ పొద్దున నిద్రపోతున్నాడు కాబట్టి అది అతను నిజంగా చూడలేదు. కానీ నాలుగేళ్ళుగా రోజూ చూస్తున్నాడు.

కొట్టాడు. తారు పెచ్చు ఎగిరిపోయి, కింద మూడు గీతలూ చుక్కా బయటపడ్డాయి. వాటి మీదే మళ్ళీ కొట్టాడు. పలక నిలువునా చీలింది. గొడ్డలి అంచు దూర్చి పైదాన్ని పీకాడు, దాని పైదాన్ని పీకాడు. లోపలి వేడి అతని ముఖానికి కొట్టింది. వర్లాం గోడకి చేరగిలబడి ఉన్నాడు, గడ్డం గుండె మీద ఆనించి, నిద్రపోతున్నట్టు. చంకల కింద చేతులు వేసి ఆ సందులోంచే బయటికి ఈడ్చాడు. మేకు గీసుకుని ముసలాయన చేతినుంచి నెత్తురు కారింది. మంచు మీద పడుకోబెట్టి, పక్కకి తిప్పి, వీపు మీద చరిచాడు. ముఖానికి మంచు రాశాడు. మళ్ళీ చరిచాడు. దేవుణ్ణి పిలిచాడో, గురువుని పిలిచాడో, తమ్ముణ్ణి పిలిచాడో అతనికే తెలియదు.

వర్లాం దగ్గాడు. వాంతి చేసుకున్నాడు. చాలాసేపు గాలి లోపలికి లాక్కుంటూ, వదులుతూ, అలాగే పడుకున్నాడు. తర్వాత కళ్ళు తెరిచి, సందులోంచి గుడిసె లోపలికి చూశాడు.

"గంట మోగుతోంది" అన్నాడు. "లాగు."

నజార్ ఏడుస్తూనే విరిగిన గోడలోంచి లోపలికి దూరి దారం లాగాడు. మోచేతి నుంచి వేళ్ళదాకా పొడుగున్న చేప వచ్చి మంచు మీద ఎగిరెగిరి పడింది. అతను దాని పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

గురువు లేచి కూర్చున్నాడు. తల రెండు చేతులతో పట్టుకున్నాడు, పగిలిపోతున్నంత నొప్పి ఉన్నట్టుంది. కాసేపటికి అడిగాడు.

"చీల పెట్టావా?"

"పెట్టానయ్యా."

"రెండుసార్లు తట్టాను."

"వినిపించిందయ్యా. మంచు పగలగొడుతున్నారనుకున్నాను."

వర్లాం చీలిపోయిన పలక వైపు, దాని మీది కాల్చిన గుర్తు వైపు చూస్తూ కూర్చున్నాడు. తిట్టి ఉంటే నజార్‌కి కొంచెం తేలికయ్యేది. ఆయన తిట్టలేదు. ఆ గుర్తు ఏమిటని కూడా అడగలేదు. ఎంతసేపైనా సరే అన్నట్టు ఊరికే కూర్చున్నాడు.

అప్పుడు నజార్ చెప్పాడు. మొదట మాట రాలేదు. వచ్చాక ఆగలేదు. చల్లారిన తారు సంగతి చెప్పాడు, మూరెడు సందు సంగతి చెప్పాడు. నిప్పు మళ్ళీ రాజెయ్యడానికి పావుగంట పట్టేదని, ఆ పావుగంటకి బద్ధకించానని చెప్పాడు. ఒడ్డున మూడురోజులు తిరిగిన సంగతి, తల్లి అడిగిన ప్రశ్న, తను చెప్పిన జవాబు చెప్పాడు. గాలి అతని మాటల్లో సగం ఎత్తుకుపోయింది. అయినా గురువు మళ్ళీ చెప్పమనలేదు.

"అయింది అన్నానయ్యా" అన్నాడు చివరికి. "అవ్వలేదు."

చేప కదలడం మానేసింది.

"వాడి పేరేమిటి?" అన్నాడు వర్లాం.

"ఫోమా."

"అమ్మ ఉందా?"

"ఉందయ్యా."

వర్లాం అతని భుజం పట్టుకుని మెల్లగా లేచాడు. చేపని మొప్పల దగ్గర పట్టుకుని నజార్ చేతికి ఇచ్చాడు.

"మంచు విరిగాక ఇంటికి వెళ్ళి రా" అన్నాడు. "ఈలోపు అంగీ కుట్టించి ఉంచుతాను."

మూడేళ్ళుగా నజార్ భయపడింది ఇంటికి వెళ్ళమంటారేమోననే. ఆయన వెళ్ళమనే అన్నాడు. కానీ నజార్‌కి భయం వెయ్యలేదు. ఒక చేత్తో చేపని, ఇంకో చేత్తో గురువుని పట్టుకుని, ఒడ్డు కనపడని ఆ గాలిలో, తాము వచ్చిన స్లెడ్జి పట్టాల గీతలు చూసుకుంటూ నడిచాడు. రోగుల ఇంట్లో ఆ పండక్కి పులుసు వండారు. ఒక్క చేప పదకొండుమందికి సరిపెట్టడానికి పఖోం అందులో ఎన్ని నీళ్ళు పోశాడో ఆయనకీ దేవుడికీ తెలియాలి.

శనివారం ప్రార్థనలో పేర్లు చదివే పని గురువు నజార్‌కి అప్పగించాడు. నజార్ అందరి కాగితాలూ చదివి, చివర తన కాగితం తీశాడు. తండ్రి పేరు చదివాడు, తాత పేరు చదివాడు. మూడో పేరు దగ్గర బొటనవేలు ఆగింది. ఎవరూ తల ఎత్తలేదు. ఆ పేరు కూడా చదివాడు.

సోమవారం గాలి తగ్గింది. నజార్ రెండు పీపా పలకలు, మేకులు, తారు డబ్బా తీసుకుని గుడిసె బాగుచెయ్యడానికి వెళ్ళాడు. విరిగిన మూడు పలకల్లో రెండింటి చోట కొత్తవి కొట్టాడు. మూడో పలక చీలిందే గానీ ఊడిపోలేదు. దాన్ని తిరిగి సరిగ్గా నిలబెట్టి, గుర్తు బయటికి కనిపించేలా రెండు మేకులు వేశాడు. పలక మధ్యలో పొడుగునా వేలెడు సందు ఉండిపోయింది. పీచు చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత తిరిగి సంచిలో పెట్టేశాడు.

కాసేపటికి వర్లాం కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. తలుపు తీస్తే తేలిగ్గా వచ్చింది. చుట్టూ వేసిన ఉన్ని పట్టీ లేదు. ఆయన లోపల కూర్చుని, కుంపటి రాజేసి, జేబులో చెయ్యి పెట్టి నాలుగు చీలలు తీశాడు. ఎండిన కర్ర, పైగా తారు పట్టినది. ఒక్కొక్కటే నిప్పులో వేశాడు. బాగా మండాయి.

నజార్ గంటకి దారం కట్టి గాలం వదిలాడు. వెలుగు సందులోంచి వాలుగా దిగి నీళ్ళ మీద పడింది. దానితో పాటే గాలి వచ్చి ముసలాయన గడ్డాన్ని కదిపింది. నజార్ కోటు విప్పి ఆయన మెడ చుట్టూ కప్పాడు.

"గాలి వస్తోందయ్యా" అన్నాడు.

"రానీ" అన్నాడు గురువు.